పిగ్మెంటు సిరా: గృహముద్రణలో ఛాయాచిత్రాల వర్ణస్థైర్యం

మన ఇండ్లలోని పాత ఆల్బములను తెరచి చూచినవారికి ఒక వింత గోచరిస్తుంది. తాతల కాలపు నలుపు తెలుపు ఛాయాచిత్రాలు, అంచులు కొంత పసుపుబారినా, ముఖరేఖలు చెదరకుండా నిలిచి ఉంటాయి. 1970, 80 దశకాలలో తీయించిన రంగుల పెండ్లి ఫోటోలు మాత్రం ఎర్రబారి, పెండ్లికూతురు కట్టినది ఏ రంగు చీరో, పందిటి మామిడాకులు పచ్చనివో ఎండినవో తెలియని స్థితికి వచ్చి ఉంటాయి. పాతవి నిలిచి కొత్తవి చెడడానికి కారణం ఫోటో తీసినవారి నేర్పులో లేదు. కాగితం మీద బొమ్మ ఏ ద్రవ్యంతో ఏర్పడింది అన్న విషయంలో ఉన్నది. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మను కట్టినవి వెండి రేణువులు. రంగుల ఫోటోలో బొమ్మను కట్టినవి జెలటిన్ పొరలలో పుట్టిన మూడు డైలు. ఆనాటి కాగితాలలో చాలావాటిలో నీలి డై చీకటిలో దాచినా క్షీణించేది. నీలం తొలగగా మిగిలినది ఎరుపు.

ఘనరేణువుకూ డైకీ గల ఈ భేదమే నేడు ఇంటిలో ఛాయాచిత్రాలను ముద్రించుకొనే ఇంక్‌జెట్ ప్రింటర్ల విషయంలోనూ ప్రధానమైనది. అంగడిలో యంత్రాన్ని ఎన్నుకొనేవారు వేగాన్ని అడుగుతారు, ధరను అడుగుతారు, పుటకు ఎంత ఖర్చు అని అడుగుతారు. సిరా డైయా, పిగ్మెంటా అని అడిగేవారు అరుదు. ముద్రించినది పదేండ్ల తరువాత చూడదగి ఉండవలెనంటే మొదట అడుగవలసిన ప్రశ్న అదే.

ద్రవంలో రంగు రెండు విధాలుగా ఉంటుంది. నీటిలో ఉప్పు వలె అణువు అణువుగా కరిగిపోయి ఉండడం ఒకటి. సున్నపు తేటను కలియబెట్టినప్పుడు లేచే పొడి వలె, కరగకుండా తేలియాడుతూ ఉండడం రెండవది. కరిగేది డై, కరగనిది పిగ్మెంటు. మొదటిదానిని అద్దకపు రంగు అనీ, రెండవదానిని పూత రంగు అనీ తెలుగులో వ్యవహరించవచ్చును. ఈ రెండూ మనకు కొత్తవి కావు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చిరివేరు ఎరుపును పటిక సాయంతో నూలుపోగుకు పట్టిస్తారు. అది అద్దకం. లేపాక్షి ఆలయపు పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు పూసినవి మట్టి రంగులు, ఖనిజపు పొడులు. అది పూత. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం రంగు ద్రవ్యాలను పేర్కొనేటప్పుడు రాజావర్తం, హరితాళం, హింగుళం వంటి వాటి సరసనే లాక్షను, నీలిని చెప్పింది. ఒకే పట్టికలో చేరినంత మాత్రాన వాటి స్వభావం ఒకటి కాదు. రాజావర్తం రాతిని నూరిన పొడి. లాక్ష కీటకజన్యమైన అద్దకం.

తాళపత్ర లేఖకుని పని ఇక్కడ ప్రత్యేకంగా స్మరింపదగినది. గంటంతో గీసిన గీతలలో దీపపు మసిని ఆకు పసరుతో కలిపి రుద్దేవారు. కాగితం మీద వ్రాసేవారు మసిని తుమ్మబంకతో నూరి సిరా చేసుకొనేవారు. ఆకు చిట్లుతుంది, చెద తొలుస్తుంది, తడికి అంచులు కుళ్ళుతాయి. మసి మాత్రం వెలియదు. మసి కర్బనం, వెలుగుకు గాని, సామాన్యమైన గాలికి గాని చలించదు. నేటి పిగ్మెంటు ప్రింటరులోని నల్ల సిరాలో ఉన్నదీ కర్బనమే. తుమ్మబంక చేసిన పనిని రెజిను చేస్తున్నది. దానిని నూరడంలో వచ్చిన సూక్ష్మత వేరు, ద్రవ్యం వేరు కాదు.

ఇంక్‌జెట్ యంత్రం గంటం వలె గీయదు, అచ్చు వలె ఒత్తదు. కాగితాన్ని తాకకుండా సన్నని రంధ్రాల గుండా సిరా బిందువులను చిమ్ముతుంది. చిమ్మే పద్ధతులు ముఖ్యంగా రెండు. విద్యుత్తు తగిలినప్పుడు ఆకారం మార్చుకొనే పదార్థం చిన్న గది గోడను నొక్కి బిందువును బయటికి నెట్టడం ఒకటి. ఇది పీజో పద్ధతి, ఎప్సన్ సంస్థ అనుసరించినది. సిరాను క్షణకాలం వేడిచేసి పుట్టించిన ఆవిరి బుడగ చేత బిందువును నెట్టించడం రెండవది. కానన్, హెచ్‌పీ సంస్థలది ఈ మార్గం. 1977లో కానన్ పరిశోధనశాలలో వేడి సోల్డరింగు కడ్డీ పొరపాటున సిరా నింపిన సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మినదనీ, ఈ ఊహ దాని నుండే పుట్టినదనీ ఆ సంస్థ చెప్పుకొంటుంది. బిందువు పరిమాణం ఛాయాచిత్ర యంత్రాలలో కొద్ది పికోలీటర్లు. పికోలీటరు అనగా లీటరులో లక్షకోట్లవ వంతు. నాలుగు పికోలీటర్ల బిందువు వ్యాసం సుమారు 20 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో మూడవ వంతుకు మించదు.

ఇంత సన్నని రంధ్రం గుండా పొడి కలిసిన ద్రవాన్ని పంపడం ఎట్లు? ఆరంభంలో ఇది సాధ్యం కాలేదు. తొలినాటి రంగుల ఇంక్‌జెట్ యంత్రాలన్నీ డై సిరాలనే వాడడానికి ఇదే కారణం. డై కరిగి ఉంటుంది కనుక రంధ్రానికి అడ్డుపడదు. కాగితపు పొరలోనికి ఇంకి, నున్నగా, కాంతిమంతంగా కనబడుతుంది. అమెరికాలో గ్రాహం నాష్ అనే సంగీతకారుడు 1991లో నెలకొల్పిన నాష్ ఎడిషన్స్ ముద్రణశాల, పత్రికల నమూనా ప్రతుల కోసం నిర్మించిన ఐరిస్ యంత్రం మీద కళాత్మక ఛాయాచిత్రాలను ముద్రించి ఈ విద్యకు గౌరవం తెచ్చింది. ఆ యంత్రపు తొలి సిరాలూ డైలే. ప్రతులు చూడముచ్చటగా ఉండేవి, గోడ మీద ఎక్కువ కాలం నిలిచేవి కావు. కళాఖండంగా కొన్నవారికి అది సమాధానం లేని సమస్య అయినది.

2000 సంవత్సరంలో జరిగినది మరింత బోధకం. ఎప్సన్ సంస్థ స్టైలస్ ఫోటో 870, 1270 అనే యంత్రాలను వెలువరించి, వాటి ప్రతులు ఏండ్ల తరబడి నిలుస్తాయని ప్రకటించింది. ఆ సంస్థవారి నిగనిగలాడే ఫోటో కాగితం మీద ముద్రించిన కొందరి ప్రతులు వారాలలోనే నారింజ రంగుకు తిరిగాయి. వెలుగు తగలని చోట ఉన్నవి కూడా మారడం చేత దోషం వెలుగుది కాదని తేలింది. దోషం గాలిలోని ఓజోనుది. కాగితపు సూక్ష్మరంధ్రాల పొర సిరాను త్వరగా పీల్చుకొంటుంది, అదే రంధ్రాల గుండా గాలినీ లోనికి రానిస్తుంది. ఓజోను నీలి డైని విరుగగొట్టింది. నీలం పోగా పసుపు, మెజెంటా కలిసి నారింజ అయినది. వెలుగుకు నిలవడం ఒకటి, గాలికి నిలవడం మరొకటి అని సామాన్య వినియోగదారులకు తెలిసివచ్చినది అప్పుడే.

అదే సంవత్సరం ఆ సంస్థే స్టైలస్ ఫోటో 2000పి అనే యంత్రాన్ని పిగ్మెంటు సిరాలతో తెచ్చింది. పిగ్మెంటును దశాంశం ఒక మైక్రాను పరిమాణానికి నూరి, ప్రతి రేణువుకు రెజిను పూత పట్టించి, ఒకదానికొకటి అంటుకోకుండా నీటిలో తేలించడంతో పూర్వపు అవరోధం తొలగింది. రంధ్రపు వ్యాసంతో పోల్చితే రేణువు సుమారు రెండు వందల వంతు. ద్వారం గుండా మనిషి పోవడం కాదు, చీమ పోవడం వంటిది.

పిగ్మెంటు ఎందుకు నిలుస్తుంది అన్న ప్రశ్నకు నీలి సిరా మంచి దృష్టాంతం. 1928లో స్కాట్లండులోని గ్రేంజ్‌మౌత్ రంగుల కర్మాగారంలో పాత్ర లోపలి గాజు పూత పగిలి, ఇనుము బయటపడినచోట నీలి ముద్దలు ఏర్పడ్డాయి. ఆ పరిశీలన నుండి థాలోసయనిన్ అనే రంగుల కుటుంబం వెలుగులోనికి వచ్చింది. దానిలో రాగి చేరిన రూపం నేటి పిగ్మెంటు ప్రింటర్ల నీలం. గమనింపదగిన సంగతి ఏమనగా, డై సిరాల నీలంలో తరచు వాడేదీ ఈ థాలోసయనిన్ వంశపు అణువే. నీటిలో కరగడానికి వీలుగా దానికి సల్ఫోనిక్ ఆమ్లపు తోకలు తగిలిస్తారు. అనగా ఒకే మూల అణువు ఒక రూపంలో ఓజోనుకు లొంగిపోతున్నది, మరొక రూపంలో దీర్ఘకాలం నిలుస్తున్నది. కరిగినప్పుడు ప్రతి అణువూ ఒంటరిగా గాలికీ వెలుగుకూ ఎదురు నిలవవలె. స్ఫటిక రేణువులో అణువులు వేల సంఖ్యలో దగ్గరగా పేర్చబడి ఉంటాయి. దెబ్బ పైవరుసకు తగులుతుంది, లోపలి వరుసలు మిగులుతాయి. మెజెంటాకు వాడే క్వినాక్రిడోన్ కూడా ఇట్టిదే. 1958లో డూపాంట్ సంస్థ దీనిని విపణిలోనికి తెచ్చింది. వాహనాల పూతలలో ఎండావానలకు ఓర్చిన రంగు ఇది. మూడింటిలో సాధారణంగా బలహీనమైనది పసుపు.

ఎన్నేండ్లు నిలుస్తుంది అన్నదానికి ప్రకటనలలో కనబడే అంకెలను జాగ్రత్తగా గ్రహించవలె. వందేండ్ల క్రితపు ఇంక్‌జెట్ ప్రతి ఏదీ లోకంలో లేదు. అంకెలన్నీ తీవ్రమైన దీపాల కింద వేగపరచిన పరీక్షల నుండి లెక్కించినవి. ఈ రంగంలో ప్రసిద్ధుడైన హెన్రీ విల్‌హెల్మ్ (ఛాయాచిత్రాల స్థిరత్వాన్ని గురించిన ఆయన బృహద్గ్రంథం 1993లో వెలువడింది) అనుసరించిన ప్రమాణం రోజుకు 12 గంటలు, 450 లక్సుల వెలుగు. ఈశాన్యపు కిటికీ ప్రక్కన గోడకు తగిలించిన పటం మీద పడే వెలుగు దీనికి ఎన్నో రెట్లు ఉండవచ్చును. కాబట్టి ఆ సంవత్సరాలను ఆయుర్దాయంగా కాక, ఒక సిరాను మరొక సిరాతో పోల్చే కొలమానంగా మాత్రమే గ్రహించడం ఉచితం. ఆ పోలికలో పిగ్మెంటుదే పైచేయి అన్నది నిశ్చయం.

ఇంతటి గుణానికి తొలినాళ్ళలో చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. 2000పి ప్రతులు ఇంటిలోని బల్బు వెలుగులో సరిగా ఉండి, పగటి వెలుగులో ఆకుపచ్చగా తోచేవి. ఈ దోషం నలుపు తెలుపు ఛాయాచిత్రాలలో బాగా కనబడేది. ఎందుకంటే బూడిద ఛాయను మూడు రంగుల మిశ్రమంతో సృష్టించవలసి వచ్చేది. 2002లో వచ్చిన స్టైలస్ ఫోటో 2200, 2100 యంత్రాలలో లేత నలుపు సిరాను ప్రత్యేకంగా చేర్చారు. 2005లో వచ్చిన ఆర్2400లో నలుపులు మూడు స్థాయిలకు పెరిగాయి. బూడిద ఛాయ రంగుల మిశ్రమం నుండి కాక కర్బనం నుండి రావడంతో ఆ దోషం చాలవరకు సమసింది. నా దృష్టిలో పిగ్మెంటు ముద్రణ చరిత్రలో రంగుల సంఖ్య పెరగడం కంటె ఈ బూడిద సిరాల రాక గొప్పది. కానన్ 2007లో ప్రో9500 యంత్రంతో పది పిగ్మెంటు సిరాలను తెచ్చింది. 2020లో వచ్చిన ఎప్సన్ పి700, పి900 యంత్రాలలోను, కానన్ ప్రో-300లోను పదేసి కార్ట్రిడ్జిలు ఉన్నాయి. కానన్ పదింటిలో ఒకటి రంగు లేనిది.

రంగు లేని సిరా ఎందుకని పాఠకులు అడుగవచ్చును. పిగ్మెంటు కాగితంలోనికి ఇంకదు, పైన కూర్చుంటుంది. నిగనిగలాడే కాగితాన్ని ఏటవాలుగా చూచినప్పుడు సిరా పడినచోట ఒక మెరుపు, పడని తెల్లని చోట ఒక మెరుపు కనబడుతుంది. ముదురు ఛాయలలో ఇత్తడి పాత్ర మీది మెరుపు వంటిది తోస్తుంది. ఆ తేడాను పూడ్చి పైతలాన్ని సమం చేయడమే ఆ రంగులేని ద్రవపు పని. ఇదే కారణం చేత నలుపు సిరాలు రెండు విధాలు. మెరుపు కాగితానికి ఫోటో బ్లాక్, మెరుపు లేని నూలు కాగితానికి మ్యాట్ బ్లాక్. పూర్వపు యంత్రాలు కొన్నిటిలో ఒకదాని నుండి మరొకదానికి మారినప్పుడు గొట్టాలలోని సిరా వృథా అయ్యేది. పి700, పి900లలో రెండింటికీ వేర్వేరు రంధ్రాలు ఉండడం చేత ఆ నష్టం తప్పింది.

కాగితం విషయంలో ఒక్క హెచ్చరిక చాలును. మల్లెపూవు వలె తెల్లగా, కొంత నీలి ఛాయతో మెరిసే కాగితం మంచి కాగితమని భ్రమ కలుగుతుంది. ఆ తెలుపు చాలావరకు అతినీలలోహిత కిరణాలను గ్రహించి నీలి వెలుగుగా మార్చే రసాయనానిది. బట్టలకు వేసే తెలుపు మందుల వంటిదే ఇది. కాలక్రమంలో దాని శక్తి ఉడిగి, కాగితం అసలు పసుపు ఛాయ బయటపడుతుంది. సిరా చెక్కుచెదరకున్నా బొమ్మ ముసలిదవుతుంది. ఆ రసాయనం లేని, ఆమ్లం లేని నూలు కాగితం కొంత పాల రంగులో ఉండి మొదట నచ్చకపోవచ్చును గాని, పిగ్మెంటు సిరాకు తగిన జోడు అదే.

ఇక మన ఊళ్ళలో, మన ఇండ్లలో ఈ యంత్రాన్ని పోషించడం ఎట్లు అన్న విషయం. పిగ్మెంటు సిరా ఆరితే రెజినుతో గట్టిపడుతుంది. కాగితం మీద అది గుణం, ముద్రణ తల రంధ్రంలో అది రోగం. రాయలసీమ, తెలంగాణలలోని పొడి వేసవిలో నెలల తరబడి యంత్రాన్ని కదల్చకుండా ఉంచితే రంధ్రాలు పూడుకుపోవడం సహజం. శుభ్రపరచే ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ ఖరీదైన సిరా కొంత వ్యర్థపు పెట్టెలోనికి పోతుంది. పి700 యంత్రపు కార్ట్రిడ్జిలో ఉండేది 25 మిల్లీలీటర్లు మాత్రమే అని తలచుకొంటే ఆ వ్యర్థం ఎంతటిదో బోధపడుతుంది. వారానికి ఒకసారి అన్ని రంగులూ ఉన్న చిన్న బొమ్మను ముద్రించడం ఇంతకంటె చౌక. యంత్రాన్ని దాని మీటతోనే ఆపవలె. గోడ స్విచ్చిని కట్టివేస్తే ముద్రణ తల తన మూత కిందికి చేరక, తెరచి ఉన్నచోటనే ఆరిపోతుంది. కరెంటు పోయే ఊళ్ళలో చిన్న యూపీఎస్ ఉండడం ఇందుకు మంచిది. పిగ్మెంటు యంత్రంలో డై సిరాను గాని, ఎవరో కలిపి సీసాలో పోసి అమ్మే సిరాను గాని పోయరాదు. తేలియాడే రేణువుల సమతౌల్యం చెడితే అవి గడ్డకడతాయి. పాలలో పులుపు పడినట్లు.

మన దేశంలో ఇండ్లకు ఎక్కువగా వచ్చినవి సీసాలతో సిరా నింపుకొనే ట్యాంకు ప్రింటర్లు. వీటిలో కొన్నిటిలో నలుపు పిగ్మెంటు, తక్కిన రంగులు డై. పెట్టె మీద పిగ్మెంటు అన్న మాట చూచి ఛాయాచిత్రాలు నిలుస్తాయని అనుకోరాదు. ఆ నలుపు అక్షరాల కోసం ఉద్దేశించినది. మెరుపు ఫోటో కాగితాన్ని ఎన్నుకొన్నప్పుడు సాధారణంగా యంత్రం దానిని వాడనే వాడదు. డై సిరాలు పనికిరానివని చెప్పడం నా అభిప్రాయం కాదు. ఇటీవలి డైలు 2000 నాటివాటి కంటె ఎంతో మెరుగైనవి, గాజు పటంలో బిగిస్తే ఓజోను బెడద తగ్గుతుంది, మెరుపు కాగితం మీద వాటి కాంతి పిగ్మెంటుకు రాదు. పుట్టినరోజు ఫోటోలకు, బంధువులకు పంచే ప్రతులకు అవి చాలును. కంప్యూటరులో మూలప్రతి భద్రంగా ఉంటే మరల ముద్రించుకోవచ్చును.

మరల ముద్రించే అవకాశం ఉండదని తోచినచోట పిగ్మెంటు అవసరం. శిథిలమవుతున్న పాత ఫోటోలను స్కాను చేసి తీసే కొత్త ప్రతి అట్టిది. ఇంటిలో మిగిలిన తాళపత్రాలకు, పూర్వుల చేతివ్రాతకు తీసిన ఛాయాచిత్రం అట్టిది. 2003లో ఆరంభమైన జాతీయ పాండులిపి మిషన్ తరువాత వ్రాతప్రతుల డిజిటల్ రూపాలు విస్తరించాయి. అయితే మనుమడు తాతగారి హార్డ్ డిస్కును తెరుస్తాడన్న నమ్మకం కంటె, బీరువాలోని కాగితాన్ని చూస్తాడన్న నమ్మకమే ఎక్కువ. తాళపత్రపు ఛాయాచిత్రంలో ఆకు వన్నె, మసి నలుపు, పురుగు తొలిచిన రంధ్రపు నీడ స్పష్టంగా వేరుపడవలె. లేకుంటే రంధ్రాన్ని సున్నగా చదివే ప్రమాదం ఉన్నది. మూడు స్థాయిల నలుపు ఇక్కడ పరిష్కర్తకు నేరుగా ఉపకరిస్తుంది. ఎ4 పరిమాణపు ప్రతికి అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 వెడల్పు, 3508 పొడవు గల బిందుచిత్రం కావలె. నిడుపాటి ఆకును ఒకే ముక్కగా ముద్రించుటకు ఎ3 కంటె కొంచెం పెద్దదైన 13 × 19 అంగుళాల కాగితం అనుకూలం. రంగుల నిజాయితీ కోసం, ఫోటో తీసేటప్పుడే ఆకు ప్రక్కన రంగుల పట్టికను, కొలబద్దను ఉంచడం మరువరాదు.

ఇట్లు ముద్రించిన ప్రతిని ఒక దినం గాలికి ఆరనిచ్చిన పిమ్మటనే పటం కట్టించవలె. గాజుకు ప్రతికి నడుమ అట్ట చట్రంతో కొంత ఎడముంచవలె. తేమ కాలంలో గాజుకు అంటుకొన్నది ఊడిరాదు. వాసన వేసే మెత్తని పీవీసీ సంచులలో దాచరాదు. పైతలం గీతలకు సుకుమారమైనది కనుక ప్రతుల నడుమ ఆమ్లం లేని పలుచని కాగితం ఉంచవలె. ప్రతి వెనుక ఎవరిది, ఏ ఊరిది, ఏ తేదీనాటిది అని మెత్తని పెన్సిలుతో వ్రాయవలె.